తడిగుడ్డ కింద ఏనుగు

మా గుమ్మం మీది ఏనుగు ఊడి రాలేదు. సామాను దించడానికి వచ్చిన కుర్రాళ్ళు ముందు ఉలితో, తర్వాత గడ్డపారతో ప్రయత్నించారు. వాళ్ళలో పెద్దవాడు, మహబూబ్‌నగర్ నుంచి ఈమధ్యే వచ్చినవాడు, స్టూలు దిగి మెడ తుడుచుకున్నాడు.

"గిది రాదు మేడం. గుంజితే మీది బండ గూడ కిందికొస్తది. ఎవరు పెట్టిండ్రో గని పక్కా పెట్టిండ్రు."

"మా తాత," అన్నాను.

"గట్లనా. మరి ఏం జేద్దం?"

"వదిలెయ్. బిల్డింగుతో పాటు అదీ పోతుంది."

ఆ మాట అన్నప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ముంబయి కామాటిపురాలో పుట్టినవాళ్ళం, వరుస గదుల అంతస్తులైన ఈ చాల్‌లు కూలుస్తారన్న కబురు వింటూనే పెరిగాం, పెళ్ళిళ్ళు చేసుకున్నాం, జుట్టు నెరిసింది. కూలుస్తామని చెప్పినవాళ్ళే ఒక్కొక్కరుగా పోయారు, చాల్‌లు నిలబడ్డాయి. ఈసారి మాత్రం నిజంగానే తాళాలు అడుగుతున్నారు. కింద టెంపో నిండుతోంది. అటక మీంచి చివరగా ఒక బిస్కెట్ డబ్బా దిగింది. దాని మూత తీయకుండా కాసేపు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

ఏనుగు సంగతి చెప్పాలంటే ముందు మా తాత సంగతి చెప్పాలి. తాత మిస్త్రీ. గోడలు లేపి ప్లాస్టరు చేసే మిస్త్రీ. ఆయన తండ్రీ, తాతా కూడా ఈ ఊరు కట్టడానికే పాలమూరు వైపు నుంచి వచ్చారట. తాతతో బయటికి వెళ్ళడం అంటే మాకు శిక్ష. ఏ గోడ కనబడినా ఆగి, వేళ్ళ కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఒకసారి నాకు జ్వరం వచ్చి నాగ్‌పాడా ఆస్పత్రికి తీసుకువెళ్తే, డాక్టరు నా ఛాతీకి గొట్టం పెట్టి వింటున్నంతసేపూ ఈయన వెనకాల గోడను కొట్టి వింటున్నాడు. మా చిన్నత్త పెళ్ళిచూపులకు వెళ్ళిన చోట కూడా గోడ కొట్టి "లోపట బోలుగున్నది" అన్నాడట. అది పిల్లవాడి గురించి అనుకొని వాళ్ళు ముఖం మాడ్చుకున్నారని అవ్వ ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే నవ్వేది. తాత లెక్కలో ప్రపంచంలో రెండే రకాల వస్తువులు: గట్టివి, పనికిరానివి.

నాకేమో మెత్తటివి ఇష్టం. అవ్వ రొట్టెల కోసం పిండి కలుపుతుంటే ఇంత గిల్లుకొని పారిపోయేదాన్ని. దాంతో కోడిని, కుక్కను, ఎక్కువగా ఏనుగును చేసేదాన్ని. చివరికి అన్నీ పెనం మీదికే చేరేవి. మా తమ్ముడు ఏనుగు చెవులు విరుచుకొని కారంపొడిలో అద్దుకొని తినేవాడు. మా గదుల ముందున్న గ్యాలరీ వాసన ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వస్తుంది: మాడిన జొన్నరొట్టె, కిరోసిన్ పొయ్యి, తాడు మీద ఎండేసిన బొంబిల్ చేపలు, ఫాక్‌లాండ్ రోడ్డు గోడల మీద రోజూ కొత్తగా పూసే సినిమా పోస్టర్ల మైదా జిగురు. బయటివాళ్ళు ముక్కు మూసుకొనేవారు. మాకు ఆకలి వేసేది.

ఏనుగు మీద నాకు అంత పిచ్చి ఎందుకంటే, అది ఒక కంపెనీ మార్కు. ఆదివారం పొద్దున టీవీలో మట్టిబొమ్మల కథలు వచ్చేవి. మా అంతస్తులో టీవీ ఉన్నది చివరి ఖోలీలో, అంటే చివరి గదిలోనే. ఆ ఇంటావిణ్ణి అందరం టీవీ అత్త అనే పిలిచేవాళ్ళం, అసలు పేరు నాకు ఈనాటికీ తెలియదు. చెప్పులు గ్యాలరీలో గుట్టగా వదిలి, ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చొని చూసేవాళ్ళం. కథ మొదలయ్యే ముందు నీలం రంగు మట్టి ఉండ ఒకటి దొర్లుకుంటూ వచ్చేది. దానికి చెవులు మొలిచేవి, తొండం సాగేది, కాళ్ళు వచ్చేవి. ఏనుగై ఘీంకరించి, ఒక కాలు పైకెత్తి నిలబడేది. దాని కింద కంపెనీ పేరు పడేది, తర్వాత దర్జీ, కోళ్ళతో పాటు కథలోనూ అది తిరిగేది. మిగతా పిల్లలు కథ కోసం వస్తే నేను ఆ కాలు ఎత్తడం కోసం వెళ్ళేదాన్ని.

ఒక ఆదివారం ముందు వరుసలో చోటు దొరికింది. అప్పుడు చూశాను. ఏనుగు వీపు మీద బొటనవేలి గుర్తులున్నాయి. అది కదిలినప్పుడల్లా ఆ గుర్తులు మారుతున్నాయి. అంటే ప్రతి కదలికకూ ఎవరో దాన్ని చేత్తో పట్టుకొని కొంచెం వంచి వదులుతున్నారు. ఆ వేళ్ళు మనకు కనపడవు, గుర్తులు కనపడతాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అలాంటి ఉద్యోగం కూడా ఒకటి ఉంటుందని అంతవరకు నాకు తెలియదు.

స్కూల్లో మరాఠీ టీచరు పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే, అందరూ నర్సు, పోలీసు అన్నారు. నేను కంపెనీ పేరు చెప్పాను. అక్కడేం చేస్తావంది. ఏనుగును నడిపిస్తాను అన్నాను. ఆ ఏడాదంతా నన్ను క్లాసులో మాహూత్ అని పిలిచారు. మావటి అన్నమాట. నాకు అందులో వెక్కిరింపేమీ కనపడలేదు.

మట్టి పని నాకు నేర్పింది అవ్వే. గణపతులు సముద్రంలోకి వెళ్ళిపోయాక మాకు బొడ్డెమ్మ వచ్చేది. పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. పీట మీద మట్టితో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను పేర్చి, పూలు గుచ్చి, సాయంత్రాలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడేవాళ్ళం. ఊళ్ళో అయితే పుట్టమన్ను తెస్తారట. కామాటిపురాలో పుట్ట ఎక్కడుంటుంది? గణపతి బొమ్మలు చేసే కార్ఖానాలో మిగిలిన మట్టిని అవ్వ బతిమాలి తెచ్చేది. అందులో పాత వినాయకుడి వేలో, ఎలుక తోకో దొరికేది. అవ్వ దాన్ని కళ్ళకద్దుకొని మళ్ళీ మట్టిలో కలిపేసేది.

"చెయ్యి ఎండనియ్యకే బిడ్డా. తడి ఉంటెనే మన్ను మన మాట ఇంటది," అనేది నాతో.

ఒకసారి తాత గడప దాటుతూ ఆగి చూశాడు. "ఇంత కష్టపడి చేసుడు, మల్ల నీళ్ళల్ల కలుపుడు. గిదేం పని?"

"కలపనీకే చేస్తం," అంది అవ్వ తలెత్తకుండా. "నీ గోడలోలె ఆడనే నిలవడ్తె వచ్చే ఏడు మా పిల్లలకు ఏం పని ఉంటది?"

తాత ఎదురుగా ఉన్న గోడను కొట్టి విని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు బొడ్డెమ్మను చౌపాటీ సముద్రంలో కలిపి వచ్చిన ఆదివారమే టీవీలో ప్రకటన వచ్చింది. మట్టిబొమ్మలు చేసే పిల్లలు తమ బొమ్మలు తీసుకొని ఫలానా ఆదివారం కంపెనీకి రావచ్చు, పెద్దవాళ్ళను వెంట తీసుకురావాలి. కంపెనీ ఎక్కడో పరదేశంలో ఉందనుకున్నాను. మన పరేల్‌లోనే, ఒక పాత మిల్లు వెనకాల ఉందట. టీవీ అత్త ఖోలీలో అందరి ముందూ లేచి గంతులేశాను. నన్ను చూస్తే వాళ్ళు వదలరని, మర్నాటి నుంచే పనికి రమ్మంటారని నాకు పూర్తి నమ్మకం. స్కూలు ఏమవుతుందన్నది నేను ఆలోచించలేదు.

బొడ్డెమ్మకు మిగిలిన మట్టితో ఏనుగును చేశాను. కాళ్ళలో, తొండంలో సన్నటి రాగితీగ పెట్టాను. అందుకని వంచితే వంగేది, ఎత్తితే నిలిచేది. గ్యాలరీలో చిన్నపిల్లలను కూర్చోబెట్టి, వాళ్ళను కళ్ళు మూసుకోమని, కాలు కొంచెం లేపి, తెరవమని, మళ్ళీ మూసుకోమని, అలా ఆడించేదాన్ని. ఏనుగు నడిచిందని వాళ్ళు ఒట్టేసి చెప్పేవారు. ఆ మట్టి ఎండితే పగులుతుంది కాబట్టి రోజంతా తడిగుడ్డ కప్పి ఉంచాలి. సరిగ్గా అప్పుడే స్కూల్లో పరీక్షలొచ్చాయి.

"నువ్వు సదువుకో పో," అన్నాడు తాత. "దానికి నీళ్ళు నేను పడ్త."

నాకు ఆశ్చర్యం వేసింది, సంతోషం కూడా వేసింది. గట్టివాటిని తప్ప దేన్నీ లెక్కచేయని మనిషి నా మట్టి ఏనుగును చూసుకుంటానంటున్నాడు. స్కూలు నుంచి వచ్చేసరికి గుడ్డ ఎప్పుడూ తడిగానే ఉండేది. తాత దాని పక్కనే చెంబుతో కూర్చొని ఉండేవాడు. నేను గుడ్డ ఎత్తబోతే, గాలి తగులుతుంది ముట్టకు అనేవాడు. నేనూ ముట్టలేదు.

ఆదివారం తాత తెల్లచొక్కా వేసుకున్నాడు. ఏనుగును సిమెంటు మోసే గమేలాలో పెట్టి, గుడ్డ కప్పి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. కాసేపు నేను పట్టుకుంటానని తీసుకుంటే చేతులు వంగాయి.

"ఇంత బరువేంది తాతా?"

"నీళ్ళు పట్టినయి గద," అన్నాడు.

రేకుల షెడ్డు ముందు పిల్లల వరుస ఉంది. లోపల బల్ల వెనక ఒక గడ్డం ఆయన కూర్చున్నాడు. ఆయన గోళ్ళ నిండా నీలం మట్టి. టీవీలో ఏనుగు వీపు మీది గుర్తులు ఈయనవే అన్నమాట. నా వంతు రాగానే గుడ్డ తీశాను. ఏనుగు నేను చేసినదానికంటే అందంగా ఉంది. నున్నగా, ఎక్కడా ఒక్క గీత లేకుండా, మా మున్సిపల్ స్కూలు కొత్త గోడలాగా ఉంది. నాకు ఏదో తేడా అనిపించింది కానీ ఏమిటో అర్థం కాలేదు.

"చాలా బాగుంది. ఏదీ, ఒక కాలు ఎత్తించు చూద్దాం," అన్నాడాయన హిందీలో.

కాలు పట్టుకొని లేపాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. ఏనుగు మొత్తం లేచింది కానీ కాలు లేవలేదు. ఆయన పెన్నుతో దాని నెత్తి మీద తట్టాడు. టక్‌మంది. వరుసలో వెనక పిల్లలు నవ్వారు. నాకు అర్థమై తల తిప్పి తాతను చూశాను. ఆ టక్ శబ్దానికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"పక్కా ఉన్నది సాబ్," అన్నాడు తాత. "మీదికెల్లి పడేసినా పగలదు."

మట్టి మీద సిమెంటు పాలు పట్టించి, సన్న ఇసుకతో నున్నగా రుద్ది, కొత్త ప్లాస్టరు గట్టిపడటానికి నీళ్ళు పట్టినట్టు తడిగుడ్డ కప్పి రోజూ తడిపాడట. నేను మెత్తగా ఉండటానికి కప్పిన గుడ్డ కిందనే ఆయన దాన్ని బండను చేశాడు. ఇద్దరం ఒకే గుడ్డను తడుపుతూ వచ్చాం. అది నడవాల్సిన ఏనుగని ఆయనకు తెలియదు. ఆయన ఆ కథలు ఒక్కసారి కూడా చూడలేదు.

గడ్డం ఆయన నవ్వలేదు. ఏనుగును తిప్పి తిప్పి చూసి, ఈ పని ఎవరు చేశారని అడిగి, తాతను లోపలికి తీసుకుపోయాడు. నన్ను బెంచీ మీద కూర్చోమన్నారు. తెరిచిన తలుపులోంచి బల్ల మీద అసలు ఏనుగు కనిపించింది. నా అరచేయంత ఉంది. ఒక కాలు ఇంకా పెట్టలేదు. దాన్ని చూస్తూ, బండ ఏనుగును ఒళ్ళో పెట్టుకొని ఏడ్చాను.

లోపల జరిగింది ఇది: టీవీ కథల్లో బొమ్మలు తిరిగే ఊరికి గోడలు, మెట్లు, బావి ఉండేవి. బొమ్మను కదిలించేటప్పుడు చెయ్యి తగిలి అవి కాస్త పక్కకు జరిగినా ఆ రోజు పని పాడు. వాళ్ళ అట్టగోడలు జరుగుతూనే ఉన్నాయట. జరగని గోడలు కట్టే మనిషి కావాలి. అలా, నేను కలలు కన్న కంపెనీలో మా తాతకు ఉద్యోగం వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ ఏనుగును కిటికీలోంచి విసిరేయాలనిపించింది. విసిరినా పగలదని తెలుసు. ఇంట్లో అవ్వ ఆయన్ను కడిగేసింది.

"అది నడవాల్నయ్యా!"

"మన్ను ఏనుగు నడుసుడేందే? బస్సుల కాళ్ళు ఇరుగుతయని మంచికే చేసిన."

సోమవారం పొద్దున జొన్నరొట్టె, ఉల్లిగడ్డ టిఫిను డబ్బాలో పెట్టుకొని, తాపీని పాత పేపర్లో చుట్టుకొని ఆయన వెళ్ళాడు. పోయేముందు, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా, ఆ ఏనుగును గుమ్మం మీద సిమెంటు పెట్టి నిలబెట్టేశాడు. అప్పటి నుంచి మాది ఏనుగు ఖోలీ అయింది.

కోపం నాకు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆయన చూసేది చూడాలనే ఆత్రం ముందు కోపం ఎంత? సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కోకముందే పట్టుకొనేదాన్ని.

"ఏనుగు ఏం జేసింది తాతా ఇయ్యాల?"

"ఏం జేస్తది? దినమంత ఒక్క కాలు లేపింది."

"ఇంకా?"

"ఇంకేంది, లంచ్ అయింది."

"మల్ల?"

"మల్ల దింపింది." కాళ్ళు కడుక్కుంటూ అనేవాడు: "మంచోళ్ళే గని, పిచ్చోళ్ళు. పొద్దంత కష్టపడి పని అయిపోంగనే బొమ్మను పిసికి ముద్ద చేస్తరు. మల్ల దాంతోనే ఇంకోటి. నా కండ్ల ముంగటనే పిసుకుతరు." ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో నిజంగా బాధ ఉండేది. అవ్వ మాత్రం రొట్టె తట్టుతూ ముసిముసిగా నవ్వేది.

తాత కట్టిన ఊరు టీవీలో వచ్చిన రోజు మా అంతస్తంతా టీవీ అత్త ఖోలీలో ఇరుక్కుంది. ముసలివాళ్ళు ముందు వరుసలో. తాత జీవితంలో మొదటిసారి ఆ కథ చూశాడు, అదీ గోడలను మాత్రమే.

"గా మెట్లు నావే. గా బాయి సూడు, గుండ్రం ఎట్లొచ్చిందో."

"ఏనుగు అడ్డం వస్తున్నది," అని ఎవరో విసుక్కున్నారు. ముంబయిలో ఇన్ని గోడలు కట్టిన మావాళ్ళు ఒక గోడను టీవీలో చూడటం అదే మొదలు. బావి గట్టును మెచ్చుకున్నారు, మూలల పదును మెచ్చుకున్నారు. నేనొక్కదాన్నే ఏనుగును చూశాను. అది తాత మెట్ల మీద కాలు పెట్టి నెమ్మదిగా దిగుతోంది. మెట్టు ఒక్కటీ కదల్లేదు. నాకు మొదటిసారి ఆయన మీద గర్వం కలిగింది, దాంతో పాటు కడుపుమంటా కలిగింది.

"నా గురించి అడిగినవా?" అని రోజూ వేధించేదాన్ని. చాలాకాలం "అడుగుత తీ" అని దాటేశాడు. ఆ తర్వాత ఒకరోజు చెప్పులు విడుస్తూనే చెప్పాడు: "అడిగిన. పదో తరగతి పాసైనంక తోల్కరమ్మన్నడు గా గడ్డమాయిన. నీ ఏనుగు యాదికున్నదట ఆయినకు."

అంతే. మాహూత్ అని వెక్కిరించిన క్లాసులో ఎవరూ చదవనంతగా చదివాను. పాసయ్యాను. వానలు మొదలయ్యాయి. సోమవారం తాతతో పాటు వెళ్ళాలని జడకు కొత్త రిబ్బను కొనుక్కున్నాను. శనివారం మధ్యాహ్నమే తాత ఇంటికొచ్చాడు. గొడుగు లేదు, తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చంకలో బిస్కెట్ డబ్బా ఉంది.

అప్పటికే ఇంటింటికీ కేబుల్ తీగలు పాకాయి. కంప్యూటరు బొమ్మలు వచ్చాయి. రోజంతా కూర్చొని ఒక్క కాలు లేపించే ఓపిక ఎవరికీ లేదు. కంపెనీ మూతపడింది. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుపొమ్మన్నారట.

"నీ గోడలు తెచ్చుకోలేదా తాతా?" అన్నాడు మా తమ్ముడు.

"రాలే," అన్నాడు తాత. "గట్టిగ కట్టిన. సుత్తెల్తోని పలగ్గొట్టిండ్రు."

ఆయన అలా నేల చూసి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత డబ్బా మూత తీసి నా ముందు పెట్టాడు. లోపల మట్టి ఉండ. ఏనుగు, దర్జీ, కోళ్ళు, అన్నీ కలిపి ముద్ద చేసినది. నీలం, ఎరుపు, పసుపు కలిసి బూడిదరంగు అయిపోయింది. నూనె కలిపిన మట్టి, ఎండదట.

"ఇందుల నేనేం కలపలే బిడ్డా," అన్నాడు. "మెత్తగనే ఉన్నది. సూడు." నమ్మకం కలిగించడానికి బొటనవేలితో ఒకసారి నొక్కి చూపించాడు.

నేను ఆ డబ్బా ముట్టుకోలేదు. నాకు కావలసింది మట్టి కాదు. అవ్వ మూత పెట్టి అటక మీదికి ఎక్కించింది.

ఆ తర్వాత అందరికీ జరిగేవే నాకూ జరిగాయి. నాగ్‌పాడాలో కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే లాబొరేటరీలో చేరి, అక్కడే ముసలిదాన్నయ్యాను. మైనం, ప్లాస్టరు, అచ్చులు. చేతులకు తెలిసిన పనే. ఈ చుట్టుపక్కల చాలామంది నవ్వేది నేను చేసిన పళ్ళతోనే. అందులో నాకు కొరత ఏమీ కనిపించదు. తాత పోయాడు, అవ్వ పోయింది. టీవీ అత్త పిల్లలు ధారావి వైపు వెళ్ళిపోయారు. మా ఇంటి పిల్లలు బొడ్డెమ్మ అంటే ఏమిటని మరాఠీలో అడుగుతారు.

డబ్బా మూత తుప్పు పట్టింది. చెంచాతో తిప్పి తీశాను. ఉండ అలాగే ఉంది. పైన బొటనవేలి గుర్తు ఉంది, గీతలతో సహా. ఇటుకలు మోసి మోసి అరిగిన వేలు కాబట్టి గీతలు అక్కడక్కడా తెగి ఉన్నాయి. గోడలు కట్టి ఎక్కడా పేరు రాసుకోని మనిషి గుర్తు, ఇక్కడ, ఆయన పనికిరాదనుకున్న మెత్తటి దాంట్లో మిగిలింది.

ముద్ద చల్లగా, గట్టిగా తగిలింది. అరచేతుల మధ్య పెట్టుకొని కూర్చుంటే మెల్లగా వేడెక్కి మాట వినడం మొదలుపెట్టింది. ఆ గుర్తు చెరగకుండా, అది వీపు మీద ఉండేలా చూసుకొని, చెవులు లాగాను, తొండం సాగదీశాను, కాళ్ళు దించాను.

"మేడం, టెంపోవాలా ఒర్రుతున్నడు, జల్దీ రమ్మంటున్నడు," అన్నాడు మహబూబ్‌నగర్ కుర్రాడు గుమ్మంలోంచి. వాడి తలకు పైన, గుమ్మం బండకు అతుక్కొని, తాత గట్టిపరిచిన ఏనుగు నిలబడి ఉంది.

వస్తున్నా, ఉండమను అన్నాను. కింద హారన్ మోగుతూనే ఉంది. నేను మధ్యాహ్నం దాకా కూర్చొని, కొంచెం కొంచెంగా, చేతిలోని ఏనుగు ఒక్క కాలు లేపాను.